మీరు భయపడకుండా రాసిన వాక్యాల గురించి

అమ్మా, మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. హైదరాబాదులో అద్దె ఫ్లాటులో ఉంటున్నామని, బాబుకు ఏడు నెలలని, వాడు పుట్టినప్పటి నుంచి ఇంట్లో ఏ వస్తువును చూసినా అనుమానమే కలుగుతోందని రాశారు. ఎదురు మేడ మీది సెల్ టవరు, హాల్లోని వైఫై, మైక్రోవేవ్ ఓవెన్, గీతలు పడిన నాన్‌స్టిక్ పెనం, వంటింటి ప్లాస్టిక్ డబ్బాలు, ఈ ఐదింటిలో వాడికి ఎక్కువ కీడు చేసేది ఏదో వరుసగా చెప్పమని అడిగారు. ఉదయం స్నానం చేసి వచ్చేసరికి తల దిమ్ముగా, వికారంగా ఉంటోందని, మధ్యాహ్నానికి అదే తగ్గుతోందని, అది టవరు వల్లనో మీ ఆందోళన వల్లనో తేల్చుకోలేకపోతున్నానని కూడా రాశారు.

నేను పిల్లల వైద్యురాలిగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి ఈ మధ్యే విరమించాను. మీరు అడిగిన ఐదింటికీ సమాధానం చెబుతాను, కానీ వాటి వంతు తరువాత వస్తుంది. మీరు మాటవరసకు రాసి వదిలేసిన వాక్యాలు కొన్ని ఉన్నాయి. చదువుతున్నంతసేపూ నన్ను కలవరపెట్టినవి అవే.

మొదటిది గీజరు సంగతి. "చలి ఎక్కువగా ఉందని గ్యాస్ గీజరు ఉన్న బాత్రూము వెంటిలేటరుకు అట్ట పెట్టి మూశాం, బాబుకు అత్తయ్య అక్కడే నీళ్లు పోస్తారు" అని రాశారు. మరో చోట అత్తగారికి కూడా పొద్దుటి పూట తల తిరుగుతోందని, బీపీ మాత్ర మార్చాలేమోనని అనుకుంటున్నట్టు రాశారు. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే ఇంట్లో ఇద్దరికి, ఒకే సమయంలో, ఒకే గదిలోకి వెళ్లి వచ్చాక తలనొప్పి, తల తిరగడం, వికారం మొదలవుతున్నాయంటే, వైద్యులెవరైనా ముందుగా అనుమానించవలసింది కార్బన్ మోనాక్సైడ్‌ను. టవరు ఉదయమూ మధ్యాహ్నమూ అక్కడే ఉంటుంది. మారుతున్నది మీరు ఉన్న గది మాత్రమే.

వంటగ్యాసు పూర్తిగా మండాలంటే గాలిలోని ఆక్సిజన్ సరిపడా అందాలి. అందినప్పుడు మంట నీలంగా ఉండి, కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి వెలువడతాయి. మూసిన చిన్న గదిలో గీజరు మండుతూ ఉంటే ఉన్న ఆక్సిజన్ తరిగిపోయి, మంట సగం సగంగా మండి, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. సిలిండరు లీకైనప్పుడు వచ్చే ఘాటు వాసన మనల్ని హెచ్చరించడానికి కావాలని కలిపిన పదార్థానిది కాబట్టి, గ్యాసు కాలిపోయాక ఆ హెచ్చరిక కూడా మిగలదు. ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పితో మొదలై, కాళ్లలో సత్తువ పోయి, తలుపు గడియ తీసే ఓపిక కూడా లేకుండా మనిషి అక్కడే కూలబడిపోవచ్చు. పసిపిల్లలు మనకన్నా వేగంగా ఊపిరి తీస్తారు కనుక వాళ్లకు ఇంకా ముందే తగులుతుంది, పైగా తల నొస్తోందని వాళ్లు చెప్పలేరు.

కరోనా కాలంలో కొన్న ఆక్సీమీటరు ఇంట్లో ఉందని, అందులో 98 చూపిస్తోందని రాశారు. ఆ పరికరం హిమోగ్లోబిన్ పట్టుకున్నది ఆక్సిజనా కార్బన్ మోనాక్సైడా అన్న తేడాను గుర్తించలేదు, కాబట్టి ఈ విషయంలో ఆ అంకెకు విలువ లేదు.

అందువల్ల ఈ రోజే ఆ అట్ట తీసేయండి. తీసినంత మాత్రాన సరిపోతుందని గీజరును మళ్లీ వాడవద్దు. ప్రస్తుతానికి నీళ్లను వంటింట్లో, కిటికీ తెరిచి, పొయ్యి మీద కాచుకోండి. గీజరు ఉండవలసిన చోటు బాత్రూము బయట, గాలి ఆడే బాల్కనీలో. వేడినీళ్ల గొట్టం మాత్రమే లోపలికి రావాలి. ఇంటి యజమాని ఒప్పుకోకపోతే కరెంటు గీజరుకు మారడం మేలు, అయితే దానికి ఎర్తింగ్ సరిగా ఉందో లేదో, మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు కట్టయ్యే ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి. ఎప్పుడైనా ఎవరైనా బాత్రూములో పడిపోతే తలుపు తెరిచి, మనిషిని బయటి గాలిలోకి లాగి, గ్యాసు కట్టేసి, 108కి ఫోన్ చేసి, అక్కడికి వచ్చినవాళ్లకు "గ్యాస్ గీజరు" అన్న మాట తప్పక చెప్పండి. అది చెప్పకపోతే కళ్లు తిరిగి పడిపోయారనో మూర్ఛ అనో అనుకునే ప్రమాదం ఉంది. చెబితే వెంటనే పూర్తి ఆక్సిజన్ పెడతారు.

రెండో వాక్యం చదవగానే నాకు ఒక పాత వాసన గుర్తొచ్చింది. కొత్త బట్టల రంగులు పడవేమోనని భయపడి, బాబుకు అమ్మమ్మగారింటి ట్రంకుపెట్టెలోని మెత్తటి పాత చీరలనే పక్కబట్టలుగా వాడుతున్నామని రాశారు. మెత్తటి నూలు చీర మంచిదే. ఆ పెట్టెలో కలరా ఉండలు ఉన్నాయా?

చాలా ఏళ్ల కిందట, పుట్టి అయిదు రోజులైన ఒక పాపను ఒంటి నిండా పసుపు రంగుతో తీసుకొచ్చారు. గుడ్డల మీద పడిన మూత్రం కాఫీ డికాషన్ రంగులో ఉంది. పురుడు మామూలుగా జరిగింది, తల్లీబిడ్డల రక్తం గ్రూపుల మధ్య పేచీ లేదు, జ్వరం లేదు. స్టెతస్కోపు పెట్టడానికి వంగినప్పుడు, పాపను చుట్టిన చీర ముక్కలోంచి నా చిన్నప్పటి బీరువా వాసన గుప్పున వచ్చింది. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లల్లో, కలరా ఉండల్లోని నాఫ్తలీన్ ఎర్రరక్త కణాలను పగలగొడుతుంది. బట్టకు పట్టిన ఆవిరి ఊపిరితోనూ, చర్మం గుండానూ లోపలికి పోవడమే అందుకు చాలు. ఆ పాపకు రక్తం మార్చవలసి వచ్చింది, బతికింది. ఆ అమ్మమ్మ ఎంతో ప్రేమగా దాచిన చీర అది. ఆమెకు ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియక నేను వార్డు బయట కాసేపు నిలబడిపోయాను.

మీ వాడికి ఏడు నెలలు వచ్చి, ఇన్నాళ్లూ ఆ బట్టలే వాడుతున్నారు కాబట్టి గండం చాలావరకు గడిచిందనే అనుకోవచ్చు. అయినా ఆ చీరలను ఉతికి, రెండు మూడు రోజులు మంచి ఎండలో ఆరేసి, వాసన పూర్తిగా పోయాకే వాడండి. ఉండలు పెట్టెలో అక్కర్లేదు, ఎండు వేపాకు చాలు. పాకే పిల్లవాడికి ఆ తెల్లటి ఉండ పిప్పరమెంటులా కనిపిస్తుంది. మింగితే వాసన పీల్చడం కన్నా ఎన్నో రెట్లు ప్రమాదం.

మూడోది పొగ. వైఫైని రాత్రి పదింటికి కట్టేస్తామని గర్వంగా రాసిన పేరాలోనే, పడకగది తలుపులు మూసి దోమల చక్రం వెలిగిస్తామని, స్నానం కాగానే బాబుకు సాంబ్రాణి వేస్తామని రాశారు. 2003లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఒక దోమల చక్రం పూర్తిగా కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని ధూళితో సమానమని లెక్క తేలింది. ఆ ఒక్క అంకెను చూసి బెంబేలు పడనక్కర్లేదు, ఎందుకంటే ఆ పొగంతా బాబు ఊపిరితిత్తుల్లోకే పోదు. కానీ మూసిన గదిలో, ఎనిమిది గంటల పాటు, నేల మీది పరుపుకు మూరెడు దూరంలో అంటే అది చిన్న విషయం కాదు. దీనికి బదులు దోమతెర కట్టండి. దోమతెర అనగానే పాతకాలపు వస్తువని చిన్నచూపు చూస్తారు గాని, ఊపిరితిత్తుల జోలికి పోకుండా దోమను ఆపే సాధనాల్లో దాన్ని మించింది లేదు. డెంగ్యూ దోమ పగలే కుడుతుంది కాబట్టి బాబు పగలు పడుకున్నప్పుడు కూడా తెర ఉండాలి. వారానికి ఒకసారి కూలరు తొట్టి, ఫ్రిజ్ వెనకాల నీళ్ల పళ్లెం, పూలకుండీల కింది పళ్లేలు ఒంపేయండి. గుడ్డు నుంచి దోమ కావడానికి సుమారు వారం పది రోజులు పడుతుంది కనుక వారానికోసారి చాలు.

సాంబ్రాణి విషయంలో అత్తగారితో గొడవ పడమని చెప్పను. కిటికీలు తెరిచి, బాబును పక్క గదిలో ఉంచి, ధూపం ఇల్లంతా తిప్పి, పొగ సద్దుమణిగాక వాడిని తీసుకొస్తే సంప్రదాయం దెబ్బతినదు, వాడి ఊపిరీ దెబ్బతినదు. బాలింత గదిలో తలుపులు మూసి పెట్టే కుంపటి మాత్రం ససేమిరా వద్దు. పొగ లేకుండా కణకణలాడే బొగ్గులు మరింత మోసకారివి. గీజరు గురించి పైన రాసిందంతా వాటికీ వర్తిస్తుంది.

నాలుగోది నీళ్లు. సంక్రాంతికి నల్లగొండ దగ్గరి పుట్టింటి ఊరికి వెళ్లి రెండు నెలలు ఉంటామని, అక్కడ బోరు నీళ్లే అయినా "బాగా మరగకాచి" వాడికి పాలపొడి కలుపుతాం కాబట్టి భయం లేదని రాశారు. కాచడం వల్ల చచ్చేవి క్రిములు. ఆ వైపు బోరు నీళ్లలో ఉండే ఫ్లోరైడు ఒక లవణం. నీళ్లు మరిగేకొద్దీ ఆవిరి పోయి, అది చిక్కబడుతుందే గాని తగ్గదు. మన దేశ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. ఫ్లోరైడు ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్ మన నేలకు కొత్త జబ్బు కాదు. దేశంలో దీన్ని మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. రెండు నెలలకే ఎముకలు వంగిపోవు, ఆ భయం పెట్టుకోకండి. కానీ పాలపొడి మీద బతికే పసివాడి ఒంటికి పోయే ద్రవమంతా ఆ నీరే కనుక, వాడికి మిషన్ భగీరథ కుళాయి నీటినో, ఆర్వో నీటినో కాచి చల్లార్చి వాడండి.

ఇక ఇత్తడి గిన్నెలు. నాన్‌స్టిక్‌కు భయపడి, అటక మీది నాయనమ్మ కాలపు ఇత్తడి గిన్నెలు దింపి వాటిలో పప్పుచారు కాస్తున్నామని రాశారు. కళాయి ఉందా అని అడగాలి. కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసు పడితే రాగి, జింకు కరిగి వంటలోకి దిగుతాయి; పులుసు చిలుమెక్కడం అని మన పెద్దవాళ్లు అనేది దాన్నే, తింటే వాంతులు కావచ్చు. కళాయి పోయించేటప్పుడు శుద్ధమైన తగరమే వాడుతున్నారో లేదో చూడాలి, చవక కోసం సీసం కలిపే వాళ్లు ఉంటారు. సీసం పిల్లల మెదడుకు చేసే హానికి, ఇంత వరకైతే ఫరవాలేదు అనగలిగిన మోతాదు లేదు. ఏది ఎలాంటిదో తెలియనప్పుడు మామూలు స్టీలు గిన్నెలు వాడటం నిశ్చింత. పెనం మార్చి మీరు ప్రమాదాన్ని తగ్గించలేదు, పెంచుకున్నారు.

ఇప్పుడు మీ ఐదు భయాలు. సెల్ టవరు, వైఫై వెలువరించే తరంగాలకు ఎక్స్‌రేలకు ఉన్నట్టుగా కణాల్లోని అణువులను విడగొట్టే శక్తి లేదు. 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఈ తరంగాలను 2బి వర్గంలో, అంటే 'క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు' అనే జాబితాలో చేర్చిందని మీరు చదివినది నిజమే. ఆ వర్గీకరణ చెప్పేది ఆధారాల బలాన్ని గురించి మాత్రమే; ప్రమాదం ఎంత పెద్దదో అది చెప్పదు. అదే 2బి వర్గంలో కలబంద ఆకు మొత్తం పిండిన సారం ఉంది, తూర్పు ఆసియా పద్ధతిలో ఊరబెట్టిన కూరగాయలు ఉన్నాయి. మన ఆవకాయ జోలికి ఎవరూ రాలేదు, కంగారు పడకండి. టవరు నుంచి దూరం పెరిగేకొద్దీ తీవ్రత చాలా వేగంగా పడిపోతుంది, మన దేశంలో 2012లో టవర్లకు అంతర్జాతీయ పరిమితిలో పదో వంతునే అనుమతించేలా నిబంధన పెట్టారు. టవరు గురించి వెతకడానికి మీరు చెవికి, ఒడికి ఆనించుకుని కూర్చునే ఫోను నుంచి అందేది ఎదురు మేడ నుంచి అందేదానికన్నా ఎక్కువ, అది కూడా పరిమితికి లోబడినదే.

మైక్రోవేవ్‌లో వేడి చేసిన అన్నంలో ఏ కిరణాలూ మిగలవు. తలుపు సరిగా పడుతుంటే చాలు, గాజు గిన్నెనో పింగాణీ గిన్నెనో వాడండి. నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా పెద్ద మంట మీద మరిచిపోవడం ప్రమాదం, ఎందుకంటే 260 డిగ్రీలు దాటితే ఆ పూత చెడి పొగలు వస్తాయి. చిన్న పెచ్చు కడుపులోకి పోతే అరగకుండా అలాగే బయటికి పోతుంది. పూత లేచిపోతుంటే పారేయండి, దానికోసం నిద్ర పోగొట్టుకోకండి. ప్లాస్టిక్ డబ్బాల్లో కందిపప్పు, చక్కెర పోసుకుంటే నష్టం లేదు. వేడికి, నూనెకు, పులుపుకు మాత్రమే ప్లాస్టిక్‌ను దూరంగా ఉంచాలి. ఆ లెక్కన మీరు పారేసిన పదహారు డబ్బాలకన్నా, కర్రీ పాయింటు నుంచి సలసల కాగే సాంబారును పల్చటి కవర్లో కట్టించి తెచ్చుకోవడం గురించి ఆలోచించవలసింది.

మీరు రాయని మూడు విషయాలను, బాబు పాకే వయసుకు వచ్చాడు కనుక, నేనే కలుపుతున్నాను. ఎలుకల కోసం రొట్టె ముక్కకు పూసి పెట్టే పేస్టుల్లో కొన్నింటిలో పసుపు భాస్వరం (యెల్లో ఫాస్ఫరస్) ఉంటుంది. అది తిన్న పిల్లలు రెండు మూడు రోజులు మామూలుగానే కనిపించి, ఆ తరువాత కాలేయం పాడై వస్తారు, కాబట్టి ఆ ట్యూబు ఇంట్లోకే రానివ్వకండి. బాత్రూము కడిగే యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును ఒకేసారి పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, మీ పనిమనిషికి కూడా ఈ మాట చెప్పండి. ఉగాదికి యజమాని రంగులు వేయిస్తానన్నాడంటే, పాత గ్రిల్స్‌ను, తలుపులను గరుకు కాగితంతో రుద్దే రోజుల్లో బాబుతో సహా వేరే ఇంట్లో ఉండండి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించరాదన్న నిబంధన అమలైంది 2017 నవంబరు నుంచి. అంతకుముందు వేసిన రంగు దుమ్ము నేల మీద పడితే, దాన్ని అరచేతులతో తుడిచి నోట్లో పెట్టుకునేది మీ వాడే.

మీ ఆందోళన గురించి ఒక మాట. మీ అత్తగారు దాన్ని పిచ్చి అన్నారని బాధపడ్డారు. అది పిచ్చి కాదు, పురుడు తరువాత చాలామంది తల్లుల్లో చూశాను. కానీ వాడిన గిన్నెనే నాలుగుసార్లు కడగడం, రాత్రి రెండు దాకా ఫోనులో వెతకడం, వాడికి ఏ లక్షణమూ లేకుండానే రక్తంలో లోహాల పరీక్షకు డబ్బు కట్టడం, ఇవన్నీ రాశారు గనుక చెబుతున్నాను, ఇది వైద్యంతో తగ్గే స్థితి, మానసిక వైద్యులను కలవడంలో నామోషీ లేదు. ముందు మాట్లాడి చూద్దామనుకుంటే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. నేను పైన చెప్పిన పనుల్లో ఎక్కువ భాగం ఒక్కసారి చేసి మరిచిపోగలిగినవే కావడం యాదృచ్ఛికం కాదు. దోమతెర కట్టాక, గీజరు బయటికి మార్చాక, నీళ్లు మార్చాక మళ్లీ మళ్లీ తనిఖీ చేయవలసిందేమీ ఉండదు. రోజూ జాగ్రత్త పడాలని చెప్పే సలహా ఏది కనబడినా, మీరు ప్రస్తుతానికి దాన్ని చదవకుండా పక్కన పెట్టండి.

అట్ట తీసి, గీజరు కట్టేసిన రోజు నుంచి వారం పాటు మీకూ మీ అత్తగారికీ పొద్దుటి పూట తల ఎలా ఉంటోందో క్యాలెండరు మీద రాసి పెట్టండి. తగ్గితే కారణం తెలిసినట్టే. తగ్గకపోతే బీపీ, హిమోగ్లోబిన్ చూపించుకోవాలి, ఎందుకంటే పురుడైన తల్లికి రక్తహీనత ఉన్నా ఇలాగే ఉంటుంది. రెండింటిలో ఏదైందో నాకు రాయండి.